స్టోరు బియ్యం

రేషన్ స్టోరు నుంచి బియ్యం తెచ్చిన రోజు మా ఇంట్లో ఒక వాసన ఉండేది. తడిసి ఆరిన గోనెసంచి వాసన, దాని వెనక కాస్త ముక్కవాసన. అమ్మ వసారాలో చాట పెట్టుకుని కూర్చునేది. గుప్పెడు గుప్పెడు పోసి చెరిగి, వేలికొసతో రాళ్ళు ఒక పక్కకు, వడ్లు ఒక పక్కకు తోసేది. వడ్లు కోళ్ళకు, రాళ్ళు వాకిట్లోకి. నల్లపురుగులు మాత్రం వాటంతట అవే చాట అంచు ఎక్కి వెళ్ళిపోయేవి. తర్వాత నాలుగు నీళ్ళు కడిగి, ఎసరు ఎక్కువ పెట్టి, గంజి బాగా వార్చేది.

"గంజి బాగా వారిస్తే వాసన పోతాది. స్టోరు బియ్యమని ఎవురికీ తెలీదు" అనేది.

ఆ "ఎవురికీ" ఎవరో నాకు అర్థమయ్యేది కాదు. తినేది మేమే కదా.

అసలు మా ఇంట్లో రెండు రకాల బియ్యం ఉండేవి. మూలన సంచిలో స్టోరు బియ్యం, అటక మీద డాల్డా డబ్బాలో ఒకటో రెండో కిలోల సన్న బియ్యం. డబ్బా బియ్యం చుట్టాలవి. పెద్దమామ వచ్చినా, అక్కను చూసుకోవడానికి పెళ్ళివాళ్ళు వచ్చినా డబ్బా కిందికి దిగేది. వాళ్ళకు వడ్డించిన కుండ వేరు, మాకు వడ్డించిన కుండ వేరు. మా తమ్ముడు ఒకసారి చుట్టాల ముందే "నాకు ఆ కుండలోది కావాలి" అని ఏడ్చాడు. ఆ రాత్రి వాడికి పడిన దెబ్బలు నాకిప్పటికీ గుర్తున్నాయి, వాడికి గుర్తులేవట.

మాది అనంతపురం జిల్లా, నార్పల వైపు పల్లె. మూడెకరాల మెట్ట. వానొస్తే చెనిక్కాయ, రాకపోతే నాయన బెంగళూరు కూలీ. 1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయి రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. కార్డుకు నెలకు 25 కిలోల దాకా ఇచ్చేవాళ్ళు. ఆ బియ్యం గురించి మా అవ్వను అడిగితే ఒక కథ చెప్పేది, అమ్మను అడిగితే ఇంకో కథ, నేనైతే అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

అవ్వ దృష్టిలో అది పండగ. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో మా వైపు వరిబువ్వ అంటే ఉగాదికి, దీపావళికి, ఎవరైనా పోతే పెద్దదినానికి. మిగిలిన రోజులన్నీ రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. దినామూ వరిబువ్వ తినేది రెడ్డిగారింట్లో, కరణంగారింట్లో. చెరువు కింద మడి ఉన్నవాళ్ళకే అన్నం, మెట్ట వాళ్ళకు సంగటి. ఎవరింట్లో ఏం తింటారో తెలిస్తే ఎవరు ఎంతటివాళ్ళో తెలిసిపోయేది. అలాంటిది ఒక్కసారిగా మా ఇంట్లో కూడా రోజూ తెల్లటి అన్నం. అవ్వ తిన్నాక చెయ్యి వెంటనే కడుక్కునేది కాదట. అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతి ఒక్కరూ "తింటివా అవ్వా" అని అడిగేదాకా ఆగేది. "ఆ, ఇప్పుడే వరిబువ్వ తింటి" అని చెప్పి అప్పుడు లేచేది. ఈ మాట అమ్మ నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

అయితే అందరూ అన్నం తినడం మొదలయ్యాక అన్నంలోనే తేడాలు పుట్టాయి. సంగటి తినేవాళ్ళు, అన్నం తినేవాళ్ళు అనే గీత చెరిగిపోయి, సన్నబియ్యం వాళ్ళు, స్టోరు బియ్యం వాళ్ళు అనే గీత పడింది. అవ్వ దాటాననుకున్న గీతను అమ్మ మళ్ళీ మొదటి నుంచి దాటాల్సి వచ్చింది. డాల్డా డబ్బా అందుకే.

స్టోరు మా ఊళ్ళో రచ్చబండ పక్కన ఒక గది. బియ్యం ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. లారీ వచ్చిందంటే ఊరంతా సంచులతో పరుగు. వరసలో మనిషి నిలబడలేకపోతే చెప్పో, రాయో, సంచో పెట్టి పోయేవాళ్ళు. నేను బడికి పోయే ముందు మా రాయి పెట్టి వెళ్ళేవాణ్ణి. దానికి గుర్తుగా సున్నం పూసి ఉంచుకున్నాం. డీలరు మంచివాడే, తూకం మరీ ఎక్కువ కొట్టేవాడు కాదు. కానీ ఆయన గొంతులు రెండు. "ఏయ్, వరసలో రాండ్రా" అనేది మాకు. రెడ్డిగారింటి జీతగాడు చక్కెరకో, కిరసనాయిలుకో వస్తే "అన్నకు చెప్పు, నేనే పంపిస్తా" అనేది ఇంకో గొంతు. స్టోరు సరుకులో చక్కెర, కిరసనాయిలు అందరికీ పనికొచ్చేవే. ఆ కిరసనాయిలు వాళ్ళింట్లో కూడా వెలిగేది. కానీ వాళ్ళెవరూ సంచి పట్టుకుని నిలబడ్డట్టు నేను చూడలేదు.

జనతా చీరలు, పంచెలు కూడా అప్పుడే వచ్చాయి, సగం ధరకు. అమ్మ ఒకటి కొనుక్కుంది. గుడ్డ మంచిదే, చాలా ఏళ్ళు వచ్చింది. కాకపోతే అంచు చూస్తే పదిగజాల దూరం నుంచే జనతా చీర అని తెలిసిపోయేది. అమ్మ దాన్ని చేనికి కట్టుకునేది తప్ప సంతకు కట్టుకునేది కాదు.

నాయన సంగతి వేరు. ఆయనకు స్టోరు ముందర నిలబడాల్సిన పని లేదు, అది ఆడవాళ్ళ, పిల్లల పని. ఆయనకు పరీక్ష మండలాఫీసులో వచ్చింది. 1984లో కరణాలు, మునసబులు పోయారు, మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. 1987లో నన్ను ఆరో తరగతికి టౌనులో సర్కారు హాస్టల్లో చేర్పించాలంటే ఆదాయం సర్టిఫికెట్టు కావాలన్నారు.

మా నాయన ఊళ్ళో ఎవరైనా పంట ఎంతైందని అడిగితే పది మూటలైతే పదిహేను అని చెప్పే మనిషి. రైతన్నాక అంతే, మూటలు తగ్గించి చెబితే పరువు పోయినట్టు. టౌనుకు పోవాలంటే ముందురోజు సాయంత్రమే చొక్కా ఉతికి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి రుద్దుకునేవాడు. మండలాఫీసుకు బయలుదేరే రోజు కూడా అలాగే తెల్లచొక్కా వేసుకుని వాకిట్లోకి వస్తే, పక్కింటి చిన్నాయన ఆపాడు.

"ఏమన్నా, పెండ్లికి పోతాండావా? ఈ చొక్కా ఏసుకుని పోతే బీదోడని ఎవడు రాసిస్తాడు? చేనికి ఏసుకునేది ఏసుకో."

నాయన ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. లోపలికి పోయి, భుజం దగ్గర చిరిగిన చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను కూడా తీసుకుపోయాడు. దారిపొడుగునా తుండుగుడ్డను ఆ చిరుగు మీదికి సర్దుకుంటూనే ఉన్నాడు. ఆఫీసు గేటు దగ్గరికి రాగానే తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు.

లోపల గుమాస్తా "ఏడాదికి ఎంతొస్తుంది?" అన్నాడు. నాయన ఏదో అంకె చెప్పాడు. "ఇంత రాస్తే మీవాడికి సీటు రాదయ్యా, తక్కువ చెప్పు" అన్నాడు గుమాస్తా. నాయన తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నాడు. సంతలో ఎద్దును బేరమాడినట్టు, కాకపోతే తిరగేసి. చివరికి రాసిన అంకె మా అవ్వ ఒక్కతే బతకడానికి కూడా చాలదు. ఆ గుమాస్తా లంచం అడగలేదు, కసురుకోలేదు. మాకు మేలే చేశాడు. తిరిగొస్తూ నాయన ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం అరుగు మీద ఎవరో పంట సంగతి ఎత్తితే మాత్రం, ఆ ఏడు చెనిక్కాయ ఎకరానికి ఎన్ని మూటలవుతుందో ఎప్పటికంటే పెద్ద అంకె చెప్పాడు.

హాస్టల్లో మాకు రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక ట్రంకుపెట్టె. బట్టలన్నీ ఒకే తాను లోనివి, ఒకే దర్జీ కుట్టినవి, చాలామందికి నిక్కరు మోకాలు దాటేది. దాంతో బడిలో మేము ఎవరో ఎవరూ అడగాల్సిన పని లేకుండా పోయింది. అది చాలదన్నట్టు ఏడాదికొకసారి క్లాసులోకి వచ్చి "స్కాలర్‌షిప్పు వాళ్ళు లేచి నిలబడండి" అనేవాళ్ళు. పేర్లు చదివేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో ఆడపిల్లల వరసల వైపు చూడకుండా ఉండటం పెద్ద విద్య. అయితే ఒకటి చెప్పాలి. హాస్టల్ లోపల అలాంటి బాధేమీ లేదు. అందరిదీ ఒకే పళ్ళెం, ఒకే నీళ్ళసాంబారు. రాత్రిపూట అందరం కలిసి వార్డెన్‌ను తిట్టుకునేవాళ్ళం. నా జీవితంలో నేను ఎవరికీ తక్కువ అని అనిపించని చోటు ఏదంటే, ఇప్పటికీ ఆ హాస్టలే చెబుతాను. గేటు దాటితేనే టెన్షన్.

పదో తరగతిలో నాకొక స్నేహితుడుండేవాడు, బ్యాంకు ఉద్యోగి కొడుకు. 1992 సంక్రాంతి సెలవుల్లో చెప్పా పెట్టకుండా సైకిలేసుకుని మా ఊరికి వచ్చేశాడు. పండగై రెండు రోజులైంది. డాల్డా డబ్బా ఖాళీ. అమ్మ నావైపు చూసింది, నేను గోడవైపు చూశాను. ఇక చేసేదేముంది, ఉన్న అన్నమే పప్పుతో, ఊరుబిండితో వడ్డించింది. వాడు బాగా తిన్నాడు, మారు కూడా పెట్టించుకున్నాడు. తింటూ తింటూ, ఏ కల్మషమూ లేకుండా, "ఇవి స్టోరు బియ్యం కదమ్మా? మా ఇంట్లో మా పనామె దగ్గర కొంటారు. బువ్వకు కాదు, దోసెలకు. భలే వస్తాయి" అన్నాడు.

అమ్మ "అవును నాయనా" అంది. ఇంకొంచెం పప్పు వేసింది.

వాడు వెళ్ళాక అమ్మ ఏమీ అనలేదు. నేనే అన్నాను. హాస్టల్లో ఉండే నాకు ఇంట్లో ఏ బియ్యం ఉంటే ఏమిటి, అయినా అన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను. వాడితో స్నేహం కూడా మెల్లగా తగ్గించేశాను, కారణం వాడికి ఈరోజుకీ తెలిసుండదు.

తర్వాత చదువు, ఉద్యోగం, బెంగళూరు. నాయన కూలీకి పోయిన ఊరికే నేను కంప్యూటరు బ్యాగు వేసుకుని పోయాను. ఈలోగా ఊళ్ళో చాలా జరిగాయి. కార్డులకు రంగులొచ్చాయి, పేదలకు తెల్లకార్డు, మిగిలినవాళ్ళకు గులాబీకార్డు. ఊరి చివర పక్కా ఇళ్ళు కట్టి కాలనీ అన్నారు. ఇదొక విచిత్రం చూడండి, హైదరాబాదులో కాలనీ అంటే పెద్దవాళ్ళుండే చోటు, మా పల్లెల్లో "కాలనీ వాళ్ళు" అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. అవ్వకు 75 రూపాయల పింఛను వచ్చింది, అదీ ఊళ్ళో ఒక ముసలాయన పోయాకే. ఆ పింఛను తీసుకునే రోజు ఆమె మునిమనవళ్ళందరినీ పిలిచి తలా రూపాయి పంచేది. రూపాయి ఇవ్వగలిగిన అవ్వకు ఆ రోజు ఇంట్లో ముందు వడ్డన. 2004లో పోయింది.

2006 ఫిబ్రవరి 2న మా ఊరికి సైకిలు దూరంలో ఉన్న బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చాడు, సోనియా గాంధీ వచ్చింది. నేను టీవీలో చూశాను, అమ్మ ట్రాక్టరెక్కి పోయి చూసొచ్చింది. ఆమెకు కనబడింది తలపాగాలూ దుమ్మూ మాత్రమేనట. నాయన మొదట ఆ పనికి పోలేదు. "మూడెకరాలుండి సర్కారు మట్టి మోస్తే నన్ను రైతంటారా?" అన్నాడు. అమ్మ పోయింది. చెరువు పూడిక పనికి పార పట్టింది. ఆడ, మగ ఇద్దరికీ ఒకటే కూలి రేటు. డబ్బు ఆమె పేరున పోస్టాఫీసు పాసుబుక్కులో పడింది. ఆ పాసుబుక్కు దేవుడి పటాల వెనక పెట్టేది.

నాకు ఆ పథకం లెక్కలు పెద్దగా తెలియవు, లోపాలున్నాయని, పని చూసే మేట్ల గురించి ఊళ్ళో బోలెడు కథలు విన్నాను. నేను గమనించింది ఒకటే. చెనిక్కాయ పెరికే రోజుల్లో పెద్దరైతుల మనుషులు ముందురోజు సాయంత్రం వీధిలోకొచ్చి కూలీలను పిలిచేవాళ్ళు. ఎద్దుల మీదుండే గొంతుతోనే "ఏమ్మే, రేప్పొద్దన్నే రా" అని, జవాబు కోసం ఆగకుండా పోయేవాళ్ళు. 2007లో సెలవుకు ఊరికి పోయినప్పుడు నేను అరుగు మీద ఉన్నాను. అదే ఇంటి మనిషి వచ్చాడు. వాకిలి దగ్గర ఆగాడు.

"రేపు వస్తావేమమ్మా?"

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా, "రేపు చూసి చెప్తాలే" అంది.

ఆయన నిలబడ్డాడు. కూలి ఇంతిస్తామన్నాడు. అమ్మ ఇంకో గుప్పెడు చాటలో పోసుకుంది. ఆయన వెళ్ళాక "రేపు పోతావా?" అన్నాను. "పోకేం, పోతా. కానీ రాత్రంతా ఆలోచించుకోనీ" అంది.

ఆ పెద్దరైతులు కూలీలు దొరకడం లేదని, పథకం వచ్చి జనం సోమరులయ్యారని చెప్పుకోవడం మొదలుపెట్టిందీ అప్పుడే. మూడెకరాల మా నాయన కూడా కొన్నాళ్ళు ఆ మాటే అన్నాడు. పక్కన పాసుబుక్కు పెట్టుకుని మరీ అన్నాడు.

2007లోనే ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది, తొలి మూడు జిల్లాల్లో మాది ఒకటి. మరుసటి ఏడు నాయనకు గుండె ఆపరేషను హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో అయింది. అద్దాల తలుపులు, నేల మీద మొహం కనపడే పాలరాయి. నాయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. కౌంటరు దగ్గరమ్మాయి "ఆరోగ్యశ్రీ వాళ్ళు ఆ పక్క" అని వేలు చూపించింది. నాకు మళ్ళీ క్లాసులో నిలబడ్డట్టే అనిపించింది. నాయన మాత్రం తెల్లకార్డును చొక్కా జేబులో పైకి కనబడేటట్టు పెట్టుకున్నాడు. ఆరోజు ఇస్త్రీ చొక్కానే వేసుకున్నాడు. ఊరికొచ్చాక ఆపరేషను గురించి తక్కువ, "కార్డు చూపిస్తానే లోపలికి రానిచ్చినారు" అన్న సంగతి ఎక్కువ చెప్పాడు. ఆ తర్వాత పిల్లల కాలేజీ ఫీజులకు కూడా తెల్లకార్డు పనికొస్తుందనేసరికి, ఒకప్పుడు స్టోరు వైపు చూడని ఇళ్ళవాళ్ళు కూడా ఆ రంగు కార్డు కోసం తిరిగారు. మా ఊళ్ళో మేడ ఉన్నవాళ్ళు ముగ్గురు తెచ్చుకున్నారు. బియ్యం తీసుకునేవాళ్ళు కాదు, కార్డు మాత్రం బీరువాలో పెట్టుకున్నారు.

బియ్యం ధర ఈలోగా ఐదుం పావలా దాకా పోయి, 2008లో మళ్ళీ రెండు రూపాయలకు వచ్చి, 2011లో ఒక్క రూపాయి అయింది. నాయన 2014లో పోయాడు.

అమ్మ కార్డు పోయింది మాత్రం నావల్ల. కార్డులో నా పేరు అలాగే ఉండిపోయింది, తీయించాలని ఎప్పుడూ అనుకోలేదు. కొత్త బియ్యం కార్డులు ఇచ్చేటప్పుడు పొలం, కరెంటు బిల్లు, కారు, ఇన్‌కంటాక్స్ అన్నీ చూశారు. నేను పన్ను కడతాను కాబట్టి అమ్మ అనర్హురాలు. అది న్యాయమే. ఫోన్లో "పోతే పోనీలేమ్మా, నెలకు ఎంత కావాలో నేను పంపిస్తా, మంచి సోనామసూరి తిను" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. ముప్పై ఏళ్ళుగా అనాలనుకున్న మాట అది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఊరందరికీ ఉండాది, నాకొక్కదానికే లేదు. ఏం తప్పు చేసినానని తీసేసినారని అడుగుతాండారు" అంది.

నేను పన్ను కడుతున్నానని చెప్పమన్నాను. "చెప్పినా. అట్లయితే నువ్వు మాలో మనిషివి కాదులే అన్నారు."

2021లో బియ్యం బండ్లు ఇంటి ముందరికే రావడం మొదలయ్యాక, హారను వినబడగానే ఆమె కూడా లేచి బండి దగ్గరకు పోయేదట, సంచి లేకుండా. ఊరికే, నలుగురితో మాట్లాడటానికి. 2025 జూన్‌లో ఆ బండ్లు ఆగి మళ్ళీ స్టోర్లు తెరిచారు.

2025 ఉగాది రోజు తెలంగాణలో హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకు సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారని వార్త చూశాను. ఖర్చెంత, దిగుబడి చాలుతుందా అని టీవీలో చర్చ. నేను మా డాల్డా డబ్బా తలుచుకుని కూర్చున్నాను. ఆ రాత్రే మా అమ్మాయి బయట తిందామంటే పోయాం. రాగిముద్ద, నాటుకోడి పులుసు తెప్పించుకుంది. బిల్లు చూసి, అవ్వకు ఎన్ని నెలల పింఛనో లెక్కేశాను. బయటికి చెప్పలేదు.

మొన్న వేసవిలో ఊరికి పోయాను. పొద్దున్నే వసారాలో మాటలు వినబడ్డాయి. పక్కింటి వదిన చేతిలో సంచి, అమ్మ చేతిలో దొడ్లో కాసిన వంకాయలు. మార్పిడి జరుగుతోంది.

"సోనామసూరి తినేదానివి, ఇవెందుకత్తా నీకు?" అంటోంది వదిన.

"బువ్వకు కాదు లేమ్మా" అంది అమ్మ. "దోసెలకు. భలే వస్తాయి."

నన్ను చూసి చాట ఇలా ఇమ్మంది.